ప్రమీల వంతు

మార్చి 6, 2025. గురువారం.

ఎల్లారెడ్డి బస్సు కిక్కిరిసి ఉంది. లింగంపేట దాకా నిలబడ్డాను. తర్వాత కిటికీ సీటు దొరికింది. పక్క సీట్లో సంచి పెట్టుకున్నాను. ప్రమీల ఉన్నప్పుడు సంచి నా ఒళ్లో ఉండేది.

బావమరిది నరేందర్ పొలం గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. మోటర్ పెట్టె తాళం చెవి నా అరచేతిలో పెట్టాడు. ఇగో బావా, అక్క వంతు, అన్నాడు.

ప్రమీల పోయింది నవంబర్‌లో. వారంలో ఒక రోజు ఇంకా ఆమెదే. ఆ మాట వినడానికే కామారెడ్డి నుంచి వస్తున్నానని నరేందర్‌కు తెలియదు.

మార్చి 7

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పాను. వినేవాళ్లు లేకపోయినా వివరించే అలవాటు పోలేదు. బావి సంగతి రాస్తాను.

బావి ఒకటి. మోటర్ ఒకటి. పొలాలు మూడు. పై పొలం నరేందర్‌ది. కింది పొలం జిలానీది. మధ్యలో ఎకరం ప్రమీలది. పెళ్లప్పుడు మామగారు పసుపుకుంకుమ కింద ఆమెకు రాసిచ్చారు. సోమ, మంగళ, బుధ నీళ్లు పై పొలానికి. గురువారం ప్రమీలకు. శుక్ర, శని జిలానీకి. ఆదివారం ఊట కోసం మోటర్ ఆపుతారు.

వంతు మారినప్పుడు తాళం చెవి చేతి నుంచి చేతికే పోవాలి. గోడ మీద పెట్టి పోకూడదు. ఎవరి వంతో పైకి అనాలి. అనకపోతే మారనట్టే. మామగారూ, జిలానీ తండ్రీ పెట్టుకున్న పద్ధతి ఇది. కాగితం లేదు. పైగా ఆ ఇద్దరికీ మాటలు లేవు. అందుకని తాళం చెవి ఇటు నుంచి అటు చిన్నపిల్ల ప్రమీల మోసేది. పెళ్లయి కామారెడ్డి వచ్చాక కూడా గురువారం బస్సెక్కి వెళ్లి మోసింది. బఫర్ స్టేట్ అని ఏడిపించేవాణ్ణి. అంటే ఏందని అడిగింది. కొట్లాడుకునే రెండు దేశాల మధ్య అడ్డంగా ఉండే చిన్న దేశం అని చెప్పాను. అయితే రెండు దిక్కుల చాయ్ దొరుకుతది, అంది.

ఆదివారం మాత్రం జిలానీ భార్య తాహేరా తెచ్చి నరేందర్ భార్య చేతికి ఇస్తుంది. ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య మాటలు ఎప్పుడూ ఆగలేదు. మగవాళ్లు ఒకరి చేతికొకరు ఇచ్చుకోవడం మాత్రం నేను చూడలేదు.

మార్చి 13. గురువారం.

ఆమె ఎకరం పడావు పడింది. ఏటా మక్క వేసేది, గట్టు వెంట బెండ, గోరుచిక్కుడు. ఈసారి ఎవరూ వేయలేదు. మాకు పిల్లలు లేరు. నాకు వ్యవసాయం రాదు.

అయినా మోటర్ వేశాను. నీళ్లు కాలువలోంచి వచ్చి నెర్రెల్లోకి దిగాయి. ఎండిన నేల నీళ్లు తాగేటప్పుడు చప్పుడు వస్తుంది. వింటూ కూర్చున్నాను.

సాయంత్రం తాళం చెవి జిలానీకి ఇచ్చాను. ప్రమీలక్క వంతు అయిపోయింది, మా వంతు షురూ, అన్నాడు. అక్క అయితే గిప్పుడు మా ఇంట్ల చాయ్ తాగి బస్సెక్కుతుండె సార్, అన్నాడు. వెళ్లాను. ఇఫ్తార్ వేళ. తాహేరా ఖర్జూరాలు నా ముందు కూడా పెట్టింది. ప్రమీల కూర్చునే స్టూల్ వేసింది. అది పొట్టిది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. తాహేరా నవ్వు ఆపుకుంది.

మార్చి 15

పల్లవి ఫోన్ చేసింది. నా స్టూడెంట్, ఇప్పుడు డిగ్రీ కాలేజీలో లెక్చరర్. ఇరవై రెండున నీటి దినోత్సవం. ఎప్పటి టాపిక్కే సార్, అంది. నీళ్లు, దేశాల మధ్య యుద్ధం.

నోట్స్ తీశాను. నైలు, యూఫ్రటీస్, సింధు. పై దేశం, కింది దేశం. ఈ లెక్చర్‌కు ప్రమీల వచ్చి వెనక వరసలో కూర్చునేది. ఎక్కువసేపు మాట్లాడితే కొంగు సవరించుకునేది. అది సిగ్నల్. రెండో సిగ్నల్‌కు ఆపకపోతే లేచి బయటికి వెళ్లేది.

ఒకసారి ఇంటికి వస్తూ అంది. ఇన్ని నదులు చెప్పిండ్రు, దప్పిక అన్న మాట ఒక్కసారి రాకపాయె.

మార్చి 20. గురువారం.

ఎండ ముదిరింది. బావిలో పైపు చివర కనపడుతోంది.

మోటర్ వేశాను. సగం ఎకరం తడిసింది. కొంగలు దిగాయి. జిలానీ గట్టు వెంట వస్తూ ఆగాడు. తడిసిన మడిని చూశాడు. తర్వాత కిందికి, తన పొలం వైపు చూశాడు. వరి పొట్ట మీదుంది, వెన్ను రాబోతోంది. ఓ మూలన నేల విచ్చుకుంది.

అతని పెదవులు తెల్లగా ఉన్నాయి. ఎండన పడి వచ్చాడని నా వాటర్ బాటిల్ చాచాను. రోజా ఉన్న సార్, అన్నాడు. ఉపవాసం సంగతి మరిచాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మక్క పెడుతున్నరా సార్, అని అడిగాడు. లేదన్నాను. కూరగాయలా? కాదన్నాను. మల్ల? అన్నాడు. బాటిల్ మూత బిగించాను. గడ్డి అన్న మొలుస్తది తియ్యండి, అని వెళ్లిపోయాడు.

నరేందర్ అంత మెత్తగా అనలేదు. బావా, కొంగలకు నీళ్లు పెడ్తున్నవా? అక్క ఉంటే ఇద్దర్ని గీ కాల్వల ముంచుతుండె, నిన్ను, కొంగల్ని, అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కళ్లు నవ్వలేదు. అతని వరికీ నీళ్లు చాలడం లేదు.

మార్చి 21

జిలానీ మల్ల అన్నదానికి జవాబు ఇక్కడ రాస్తాను.

కిడ్నీలు చెడ్డాక ప్రమీలకు నీళ్లు కొలిచి ఇవ్వమన్నారు. మందులు, చాయ్, మజ్జిగ అన్నీ ఆ కొలతలోనే. స్టీలు గ్లాసు లోపల మేకుతో గీత గీశాను. నేనే పోసేవాణ్ణి. ఇంకొంచెం, అనేది. గీత చూపించేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడం మానేసింది. నీళ్లు నోట్లో పెట్టుకుని మింగకుండా చాలాసేపు ఉంచుకునేది. కళ్లు మూసుకుని.

డాక్టర్ చెప్పినట్టే చేశాను. మళ్లీ చేయాల్సి వస్తే అలాగే చేస్తాను.

గురువారం కాలువలో నీళ్లు పారుతుంటే ఆపబుద్ధి కాదు. అంతే.

మార్చి 22

లెక్చర్ అయింది. సింధు ఒప్పందం యుద్ధాలు దాటి నిలిచిందని చెప్పాను. నీళ్ల తగాదాలో మొదట ఆగేది నీళ్లు కావు, మాటలు, అని చెప్పాను. దప్పిక అన్న మాట కూడా వాడాను. కొత్తగా.

వెనక వరస వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఇద్దరు పిల్లలు ఫోన్‌లో ఉన్నారు. ఎప్పుడు ఆపాలో తెలియలేదు. చివరికి పల్లవి మెల్లగా వచ్చి మైకు తీసుకుంది.

ప్రశ్నలప్పుడు అనూహ్య అనే అమ్మాయి లేచింది. నీళ్లు లేని దేశం కొట్లాటకు పోతది, సరే సార్. నీళ్లు పెట్టుకొని ఊకెనే పారబోసే దేశాన్ని ఏమనాలె? అందరూ నవ్వారు. మంచి ప్రశ్న, అన్నాను. జవాబు లేనప్పుడు లెక్చరర్లు అనే మాట అది.

మార్చి 27. గురువారం.

నరేందర్ తాళం చెవి ఇవ్వలేదు.

ఏమనుకోకు బావా, అని మొదలుపెట్టాడు. గీ నీళ్లు అక్క పుట్టింటియి. నువ్వు పడావుల పారబెడ్తుంటే నా వరి సూస్కుంట సస్తదా? ఇయ్యాల్టి సంది గురువారం నాది. ఇంత మాట నాతో ఎప్పుడూ అనలేదు. చెమటలు పట్టాయి అతనికి. మోటర్ వేశాడు. నీళ్లు పై పొలంలోకి మళ్లాయి.

గట్టు మీద నిలబడ్డాను. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నీళ్లు పోయినందుకు నాకు బాధ లేదు. అక్క వంతు అన్న మాట ఇవాళ ఎవరూ అనలేదు.

తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకున్నాను.

మార్చి 29

జిలానీ ఫోన్. నిన్న శుక్రవారం అతని వంతు. నరేందర్ తాళం చెవి తెచ్చి ఇవ్వలేదు. జిలానీ అడగడానికి వెళ్లలేదు. ఇచ్చేటోడు రావాలె గదా సార్, అన్నాడు. నరేందర్‌కు ఫోన్ చేస్తే, తీస్కునేటోడు రావాలె గదా బావా, అన్నాడు. ఇద్దరి ఇళ్ల మధ్య దూరం మా వీధంత.

మధ్యాహ్నానికి జిలానీ పెట్టె తాళం పగలగొట్టకుండా పక్క రేకు వంచి స్టార్టర్ ఫ్యూజులు పీక్కుపోయాడు. మళ్లీ ఫోన్ చేసి, నాకు రాని నీళ్లు ఎవ్వరికి రావద్దు, అన్నాడు. ఉపవాసంతో గొంతు పొడిగా ఉంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఆ మనిషి నోటి నుంచి అలాంటి మాట వినలేదు.

రెండు పొలాలూ ఎండుతున్నాయి. నీళ్లు బావిలోనే ఉన్నాయి.

నన్ను రమ్మని అడగలేదు. అక్క ఉంటే గిట్ల కాకపోవు, అని పెట్టేశాడు.

మార్చి 30. ఆదివారం. ఉగాది.

పొద్దున్నే ఎల్లారెడ్డి. ఇద్దరినీ బావి దగ్గరికి పిలిచాను. నరేందర్ భార్య, తాహేరా పిలవకుండానే వచ్చారు. వేర్వేరుగా బయలుదేరి కలిసి వచ్చారు.

 ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. మీ నాయిన సంది గిదే దౌర్జన్యం, అన్నాడు జిలానీ. మీ బాపు సంది గిదే మొండితనం, అన్నాడు నరేందర్. ఇద్దరు తండ్రులూ పోయి చాలా ఏళ్లయింది. సచ్చినోళ్ల ముచ్చట ఇడిసిపెట్టి బతికున్న వరిని సూడుండ్రి, అంది తాహేరా.

పై పొలంలో గింజ గట్టిపడింది. కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. కింది పొలం పొట్ట మీదుంది. ఈ వారం తడవకపోతే తాలు తప్ప ఏమీ రాదు. అది వాళ్లిద్దరికీ నాకంటే బాగా తెలుసు. ఎవరు ముందు అంటే వాళ్లు ఓడినట్టు.

ప్రమీల చెప్పి పోయింది, అన్నాను.

ఏమని, అన్నాడు నరేందర్.

నీళ్లు తక్కువైన ఏడు తన వంతు కింది పొలానికి ఇవ్వమని.

ఎప్పుడన్నది?

దవాఖానలో.

నరేందర్ నా ముఖంలోకి చూశాడు.  నేను కళ్లు దించలేదు. లెక్చరర్‌కు అదొక్కటి వచ్చు. చివరికి జేబులోంచి తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు. అక్క మాట, అన్నాడు.  జిలానీ ఇంకో వైపు తిరిగి లాల్చీ జేబులోంచి ఫ్యూజులు తీశాడు.

ఒక షరతు పెట్టాను. తాళం చెవి నా చేతి మీదుగానే పోవాలి. నీళ్లు ఎవరి పొలానికి పోయినా గురువారం పేరు మారకూడదు. ఇద్దరూ తల ఊపారు. ఎందుకని అడగలేదు.

ఊట మాట పక్కన పెట్టి ఇవాళే మోటర్ వేశారు. నరేందర్ భార్య పచ్చడి తెచ్చింది. వేప్పువ్వు ఎక్కువైంది. తాహేరా, జిలానీ తమ వాటా సాయంత్రానికని మూత పెట్టి పక్కన ఉంచుకున్నారు.

ప్రమీల ఆ మాట అనలేదు. జబ్బు పడ్డాక నీళ్ల గురించి ఆమె అన్నది ఒక్కటే, ఇంకొంచెం. అది పైన రాశాను. పోయినవాళ్ల నోట్లో మన మాట పెట్టడానికి దేశాల మధ్య అయితే ఏదో పేరు ఉంటుంది. నాకు గుర్తు రావడం లేదు.

మార్చి 31

రంజాన్. జిలానీ షీర్ ఖుర్మా డబ్బా బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాడు. ఎప్పటి డబ్బానే. ఇద్దరికి సరిపడా ఉంది.

ఏప్రిల్ 3. గురువారం.

ఇగో బావా, అక్క వంతు.

నీళ్లు ఆమె ఎకరం పక్క నుంచే కిందికి పోయాయి. ఆమె నేల పొడిగానే ఉంది. ఒక పార మట్టి తీస్తే ఇటు మళ్లుతాయి. పార అక్కడే ఉంది. కూర్చుని చూశాను.

సాయంత్రం జిలానీ పొలం మూల దాకా తడి చేరింది. చెప్పులు విడిచి అందులో నిలబడ్డాడు. మీరు గూడ దిగుండ్రి సార్, సల్లగున్నది, అన్నాడు. దిగాను.

ఏప్రిల్ 24. గురువారం.

కాశ్మీర్‌లో టూరిస్టులను చంపారు. భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ల ఫొటోలు పేపర్లో ఉన్నాయి. పేపర్ మడిచాను.

సింధు ఒప్పందాన్ని పక్కన పెట్టినట్టు రాత్రి ప్రకటించారు. ఎన్ని యుద్ధాలకూ తెగనిది అని నెల కిందట పిల్లలకు చెప్పాను.

ఎల్లారెడ్డి బస్టాండ్ హోటల్‌లో అదే మాట. నీళ్లు బంద్ పెడ్తే తెలుస్తది, అని ఒకాయన గట్టిగా అన్నాడు. అని జిలానీ వైపు చూశాడు. జిలానీ చాయ్ సాసర్‌లో పోసుకుంటున్నాడు. పోయడం ఆపలేదు. నరేందర్ పక్క బెంచీ మీద ఉన్నాడు. ఆయన దిక్కు ఏం సూస్తున్నవే, ఆయనకు రావాల్సిన నీళ్లు నేను గూడ ఆపలేకపోయిన, అన్నాడు. హోటల్ నవ్వింది. జిలానీ కూడా కొంచెం నవ్వాడు.

పొలానికి నడుస్తూ జిలానీ అడిగాడు. నది గూడ మోటర్ తీర్గ బంద్ అయితదా సార్? అంత తొందరగా కాదని చెప్పాను. ఆనకట్టలు, కాలువలు కట్టాలి, ఏళ్లు పడుతుందన్నాను. కాసేపు నడిచాక, గిప్పుడు ఆడ కిందోళ్ల పొలాలల్ల ఏం పంట ఉంటది సార్, అన్నాడు.

నాకు తెలియదు. నోట్స్‌లో లేదు.

మే 8. గురువారం.

టీవీలో యుద్ధం. కింది పొలం కోత అయింది. తాలు తక్కువ. బావి అడుగు కనపడుతోంది.

జూన్ 19. గురువారం.

వాన జాడ లేదు. నార్లు పోసి మబ్బుల కోసం చూస్తున్నారు. గురువారం ఇంకా గురువారమే.

తాళం చెవి ఇస్తూ నరేందర్ కొంచెంసేపు దాన్ని వదల్లేదు. ఇద్దరి వేళ్లూ దాని మీద ఉన్నాయి. అక్క చెయ్యి గిట్లనే ఎప్పుడు సల్లగుంటుండె, అన్నాడు. నాకు ఆ సంగతి గుర్తుంది. ఇంకొకరికి కూడా గుర్తుందని తెలియదు.

ఆగస్టు 28. గురువారం.

నిన్నటి నుంచి వాన ఆగలేదు. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. రైళ్లు లేవు. భిక్నూర్ వైపు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందట. ఎల్లారెడ్డి రోడ్డు తెగింది.

మొదటిసారి గురువారం తప్పింది.

నరేందర్ ఫోన్ కలవలేదు. చాలాసార్లు చేశాక జిలానీది కలిసింది. అందరం పానంతోటి ఉన్నం సార్, నరేందర్ పటేల్ పిల్లలతోటి మా మిద్దె మీదనే ఉన్నడు, అన్నాడు. ఆయన కంటే ఆయన బర్రె ఎక్కువ బుగులుపడి వణుకుతున్నది, అన్నాడు. వెనక నుంచి నరేందర్ ఏదో తిట్టడం వినిపించింది.

బావి? అన్నాను.

బాయి కనవడ్తలేదు సార్. అంతా నీళ్లే.

సెప్టెంబర్ 11. గురువారం.

రోడ్డుకు మట్టి పోశారు. బస్సు మెల్లగా పోయింది.

కింది పొలం మీద ఇసుక మేట వేసింది. పై పొలం గట్లు తెగాయి. ఇద్దరూ కలిసి ఒకే ట్రాక్టర్‌తో ఇసుక తీయిస్తున్నారు. అరుచుకుంటూనే తీయిస్తున్నారు. మోటర్ పెట్టె గోడతో సహా కొట్టుకుపోయింది. దొరకలేదు. బావి అంచు దాకా నిండింది. కాలువ అవసరం కూడా లేదు. ఎక్కడ చూసినా తడి.

ప్రమీల ఎకరంలో మోకాలి లోతు నీళ్లు. ఎవరూ కొలవలేదు.

నరేందర్ ఇంట్లో తాళం చెవి మేకుకు వేలాడుతోంది. తాళమే లేదు. అన్నం పెట్టారు. ఎవరూ వంతు మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతారు?

బయలుదేరేటప్పుడు నరేందర్ బస్టాండ్ దాకా వచ్చాడు. కింది పొలానికి నీళ్లియ్యాలె అని అక్క నాతోటి గూడ అన్నది బావా, అన్నాడు. బస్సు కదిలింది. ఎప్పుడన్నది అని అడగలేకపోయాను.

నన్ను ఓదార్చడానికి అన్నాడా? నిజంగా అందా? అంటే ఎక్కడ, ఏం చేస్తూ అంది? నేను వినని ఆమె మాట ఒకటి ఎల్లారెడ్డిలో ఉందేమో. దారంతా అదే.

సెప్టెంబర్ 18. గురువారం.

వెళ్లలేదు. వెళ్లడానికి పని లేదు.

పొద్దున మేడ ఎక్కి ఆకాశం చూశాను. మబ్బు లేదు. సంతోషం కలిగింది. ఎందుకో తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

నీళ్లు తగ్గాలని కోరుకుంటున్నాను. బావి అడుగంటితే వంతులు వస్తాయి. వంతులు వస్తే ఆమె పేరు వస్తుంది. మొన్ననే మునిగి తేలిన మనుషుల మీద ఈ కోరిక.

రాసింది కొట్టేయబోయాను. ఉండనీ.

సెప్టెంబర్ 25. గురువారం.

నరేందర్ ఫోన్ చేసి రమ్మన్నాడు. పని ఏమిటో చెప్పలేదు.

గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. తాళం చెవి నా అరచేతిలో పెట్టాడు. ఇగో బావా, అక్క వంతు.

బావి నిండుగా ఉంది. వంగితే నీళ్లు చేతికి అందుతాయి. పొద్దంతా కూర్చున్నాను.

సాయంత్రం జిలానీ వచ్చి చెయ్యి చాపాడు. ప్రమీలక్క వంతు అయిపోయింది సార్, అన్నాడు.

ఇంకా వెలుతురు ఉంది, అన్నాను.

ఆగాడు.